"మీకు జబ్బు లేదు, కానీ మీరు క్యారియర్": ఒక వాక్యం వెనక అరవై ఏళ్ల చరిత్ర

ఇవాళ మనం ఒకే ఒక్క వాక్యం చరిత్ర చెప్పుకుందాం. ఆ వాక్యం ఇది: "మీకు జబ్బు లేదు, కానీ మీరు క్యారియర్."

ఒక్కసారి ఊహించుకోండి. మీకు పదహారేళ్లు. కాలేజీకి హెల్త్ టీమ్ వచ్చింది. వేలి కొసన సూది గుచ్చి ఒక చుక్క రక్తం తీసుకున్నారు. కొన్ని రోజులయ్యాక చేతిలో ఒక కార్డు పెట్టి ఈ మాట చెప్పారు. వాక్యంలో మొదటి సగం మంచి వార్తే. కానీ ఇంటికి నడిచి వెళ్తున్నంతసేపూ చెవిలో మోగేది మాత్రం రెండో సగం. అమ్మకి చెప్పాలా? చెబితే తనవల్లే వచ్చిందని ఏడుస్తుందా? ఫ్రెండ్స్‌కి తెలిస్తే ఏమనుకుంటారు? రేపు సంబంధం వచ్చినప్పుడు ఈ కార్డు చూపించాలా, దాచాలా?

చూడండి, ఒంట్లో ఏమీ మారలేదు. నిన్న ఎలా ఉన్నారో ఇవాళా అలాగే ఉన్నారు. మారింది మనసులో. ఆ మార్పు ఎంత లోతుగా ఉంటుంది, ఎన్నాళ్లు ఉంటుంది అన్నది ప్రపంచంలో కొన్ని ఊళ్లు, కొన్ని సమాజాలు ఇప్పటికే అనుభవించి చూశాయి. కొందరు దెబ్బతిన్నారు. కొందరు చాలా తేలిగ్గా బయటపడ్డారు. ఎందుకు ఈ తేడా? అదే ఇవాళ్టి కథ. చివర్లో మన ఏజెన్సీ ఊళ్లకి కూడా వద్దాం, ఎందుకంటే ఇప్పుడు ఆ కార్డులు అక్కడ చేతికి అందుతున్నాయి.

ముందు, క్యారియర్ అంటే ఏంటి?

క్యారియర్ అనగానే మనకి గుర్తొచ్చేది టిఫిన్ క్యారియర్. నిజానికి పోలిక బాగానే కుదురుతుంది. టిఫిన్ క్యారియర్ అన్నం మోసుకెళ్తుంది, కానీ తను తినదు. జన్యు క్యారియర్ కూడా అంతే. ఒక జబ్బుకి సంబంధించిన జన్యువుని మోస్తారు, జబ్బు మాత్రం ఉండదు.

ప్రతి జన్యువూ మనలో దాదాపు రెండు ప్రతులుగా ఉంటుంది. ఒకటి అమ్మ ఇచ్చింది, ఒకటి నాన్న ఇచ్చింది. సికిల్ సెల్, తలసీమియా లాంటి జబ్బుల్లో రెండు ప్రతులూ దెబ్బతింటేనే అసలు జబ్బు వస్తుంది. ఒకటి బాగుంటే చాలు, పని నడిచిపోతుంది. అలా ఒకటి బాగుండి ఒకటి దెబ్బతిన్నవాళ్లే క్యారియర్లు.

మరి లెక్క ఎక్కడ మొదలవుతుంది? ఇద్దరు క్యారియర్లు పెళ్లి చేసుకున్నప్పుడు. అప్పుడు ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. బిడ్డ కూడా క్యారియర్ అయ్యే అవకాశం సగం. అసలేమీ లేకుండా పుట్టే అవకాశం నాలుగింట ఒక వంతు. ఇది ప్రతిసారీ కొత్తగా వేసే బొమ్మ-బొరుసు. మొదటి బిడ్డకి వచ్చింది కాబట్టి తర్వాతి ముగ్గురికీ రాదు అనుకోవడం తప్పు. ఇద్దరిలో ఒక్కరే క్యారియర్ అయితే బిడ్డకి ఆ జబ్బు రాదు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, కథ మొత్తం దీని మీదే నడుస్తుంది.

ఇంకో ముక్క. ఈ జన్యువు ఎవరి పాపమూ కాదు, శాపమూ కాదు. 1954లో ఆంథొనీ అలిసన్ అనే డాక్టర్ ఆఫ్రికాలో పనిచేస్తూ ఒక విషయం చూపించాడు. సికిల్ సెల్ క్యారియర్ పిల్లలకి తీవ్రమైన మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుంది. అంటే మలేరియా విపరీతంగా ఉన్న చోట్ల క్యారియర్లే ఎక్కువగా బతికి బట్టకట్టారు, అందుకే ఆ జన్యువు అక్కడ నిలిచిపోయింది. ఆఫ్రికాలో, మధ్యధరా తీరంలో, మన అడవి ప్రాంతాల్లో అది కనిపించడానికి కారణం ఇదే. ఒకప్పుడు తాతముత్తాతల ప్రాణం కాపాడిన జన్యువు అది.

గ్రీసులో ఒక ఊరు

ఇప్పుడు గ్రీసుకి వెళ్దాం. ఏథెన్స్‌కి ఉత్తరాన, బియోషియా ప్రాంతంలో ఓర్కోమెనోస్ అనే ఊరు ఉంది. పక్కనే ఒకప్పుడు కొపాయిస్ అనే పెద్ద చిత్తడి సరస్సు ఉండేది. చిత్తడి అంటే దోమలు, దోమలంటే మలేరియా. అందుకే ఆ ఊళ్లో సికిల్ సెల్ జన్యువు చాలా ఎక్కువ. సుమారు ప్రతి నలుగురైదుగురిలో ఒకరు క్యారియర్.

జార్జ్ స్టమటోయన్నోపులోస్ అనే జన్యు వైద్యుడు, ఆయన బృందం అక్కడ ఒక ప్రయత్నం చేశారు. ఊరందరికీ రక్త పరీక్ష చేద్దాం, ఎవరు క్యారియరో వాళ్లకి చెబుదాం, ఇద్దరు క్యారియర్లు పెళ్లి చేసుకుంటే ఏమవుతుందో వివరిద్దాం. ఆలోచన చాలా మంచిది. అప్పటికి ఆ ఊళ్లో పెళ్లిళ్లు చాలావరకు పెద్దలు కుదిర్చేవే. అచ్చం మనలాగే సంబంధాలు చూడటం, విచారించడం. కాబట్టి సంబంధం కుదుర్చుకునే ముందు ఈ విషయం కూడా చూసుకుంటారు, జబ్బుతో పుట్టే పిల్లలు తగ్గిపోతారు అని వాళ్ల ఆశ.

కొన్నేళ్ల తర్వాత తిరిగొచ్చి చూశారు. ఆ ఫలితాలు 1974లో అచ్చయ్యాయి. క్యారియర్-క్యారియర్ పెళ్లిళ్లు తగ్గలేదు. పరీక్షే జరగకుండా ఉంటే ఎన్ని జరిగేవో, దాదాపు అన్నే జరిగాయి.

ఎందుకు? జనానికి అర్థం కాక కాదు. అర్థమైన తీరు వేరు. క్యారియర్ అంటే "లోపం ఉన్న మనిషి" అని ఊరు ఒక ముద్ర వేసేసింది. క్యారియర్ కానివాళ్ల ఇళ్లల్లో "మనకెందుకు ఆ సంబంధం" అనడం మొదలైంది. చూడండి ఎంత విచిత్రమో. వైద్యం ప్రకారం క్యారియర్‌కి సరైన జోడీ క్యారియర్ కాని మనిషే, ఆ పెళ్లిలో బిడ్డకి జబ్బు రాదు. కానీ సరిగ్గా ఆ తలుపే వాళ్లకి మూసుకుపోయింది. అప్పుడు ఇంట్లోవాళ్లు ఏం చేస్తారు? దాచేస్తారు. కొందరు అలాగే పెళ్లి చేసుకున్నారు. తనకి తెలుసు, అవతలివాళ్లకి చెప్పలేదు. అవతలివాళ్లు కూడా అలాగే దాచి ఉంటే?

పరీక్ష జబ్బుని ఆపలేదు. దానికి తోడు ఊళ్లో అంతకుముందు లేని కొత్త సిగ్గు ఒకటి పుట్టింది.

అమెరికాలో పెద్ద పొరపాటు

అదే కాలంలో అట్లాంటిక్‌కి అవతల ఇదే జన్యువుతో ఇంకో కథ నడిచింది. ఈ కథకి ముందు కొంచెం నేపథ్యం కావాలి. సికిల్ అంటే కొడవలి. 1910లో చికాగోలో డాక్టర్ జేమ్స్ హెరిక్, ఒక నల్లజాతి విద్యార్థి రక్తంలో కొడవలి ఆకారంలో వంగిన కణాలు కనిపించాయని రాశాడు. 1949లో లైనస్ పాలింగ్ బృందం ఆ జబ్బుకి మూలం హిమోగ్లోబిన్ అణువులోనే ఉందని తేల్చింది. పాలింగ్ అంటే మామూలు మనిషి కాదు, రెండు నోబెల్ బహుమతులు అందుకున్నవాడు.

అంతటి పాలింగ్ 1968లో ఒక మాట రాశాడు. ఈ జన్యువు ఉన్న ప్రతి కుర్రాడికీ, అమ్మాయికీ నుదుటి మీద ఒక గుర్తు పచ్చబొట్టు పొడవాలట. అప్పుడు ఒకే జన్యువు ఉన్న ఇద్దరు చూడగానే తెలుసుకుని ప్రేమలో పడకుండా ఉంటారట. ఆయన ఉద్దేశం పిల్లల బాధ తగ్గించాలనే. కానీ నుదుటి మీద పచ్చబొట్టుతో బజార్లో నడిచే మనిషి మనసు ఎలా ఉంటుందో ఆయన ఆలోచించినట్టు కనిపించదు. పైగా అమెరికాలో ఈ జన్యువు ఎక్కువగా ఉన్నది నల్లజాతి వాళ్లలో. అప్పటికే ఒంటి రంగు చూసి వేరు చేసే దేశంలో, ఇంకో ముద్ర.

ఆ పచ్చబొట్టు ఎవరూ వేయలేదు. కానీ వేరే రూపంలో అది వచ్చింది.

1970ల మొదట్లో సికిల్ సెల్ అమెరికాలో పెద్ద రాజకీయ విషయం అయింది. "నల్లవాళ్ల జబ్బు కాబట్టే ఇన్నాళ్లూ పట్టించుకోలేదు" అన్న కోపం న్యాయమైనదే. బ్లాక్ పాంథర్ పార్టీ కార్యకర్తలు పేటల్లో ఉచితంగా పరీక్షలు చేశారు. 1972లో జాతీయ సికిల్ సెల్ నియంత్రణ చట్టం వచ్చింది. దానికి ముందూ వెనకా డజనుకు పైగా రాష్ట్రాలు సొంత చట్టాలు చేశాయి. కొన్ని చోట్ల బడిలో చేరాలంటే పరీక్ష, కొన్ని చోట్ల పెళ్లి లైసెన్స్ కావాలంటే పరీక్ష.

తొందరలో ఏం జరిగిందో చూడండి. చట్టాలు రాసినవాళ్లలో కొందరికి జబ్బుకీ, క్యారియర్‌కీ తేడా తెలియదు. వాషింగ్టన్ నగరంలో అయితే దీన్ని అంటువ్యాధుల లెక్కలో చేర్చారు. బడి పిల్లలకి పరీక్ష చేసి, ఫలితం చేతిలో పెట్టి పంపేశారు. దాని అర్థం ఏమిటో చెప్పే మనిషి చాలా చోట్ల లేడు.

దీనికి తోడు ఒక భయం. 1970లో ఒక వైద్య పత్రికలో ఒక నివేదిక వచ్చింది. సుమారు నాలుగు వేల అడుగుల ఎత్తున్న ఒక సైనిక శిబిరంలో శిక్షణ పొందుతూ నలుగురు యువ సైనికులు చనిపోయారు, నలుగురూ క్యారియర్లే అని. తర్వాతి కాలంలో తెలిసిందేమిటంటే, ఎండలో ఒళ్లు మరిచిపోయేంత కఠిన శ్రమ చేసినప్పుడు క్యారియర్లకి కొంత అదనపు ప్రమాదం ఉంటుంది. నీళ్లు తాగడం, మధ్యలో విశ్రాంతి తీసుకోవడం లాంటి జాగ్రత్తలతో దాన్ని చాలావరకు తప్పించవచ్చు. మామూలు జీవితంలో వాళ్లు అందరిలాంటివాళ్లే. కానీ అప్పట్లో భయానికి జాగ్రత్త సరిపోలేదు, నిషేధం కావాల్సి వచ్చింది. అమెరికా ఎయిర్ ఫోర్స్ అకాడమీ 1981 దాకా క్యారియర్లని చేర్చుకోలేదు. ఒక విద్యార్థి కోర్టుకి వెళ్లాకే ఆ నిబంధన పోయింది. కొన్ని విమాన సంస్థలు క్యారియర్లని విమానం ఎక్కే ఉద్యోగాలకి తీసుకోలేదు. కొన్ని బీమా కంపెనీలు ఎక్కువ ప్రీమియం అడిగాయి. జబ్బు లేని మనుషులకి!

1974లో సియాటిల్ నుంచి కొందరు పరిశోధకులు ఒక వ్యాసం రాశారు. దాని పేరులోనే ఒక చురక ఉంది: సికిల్ సెల్ "జబ్బు కాని జబ్బు" అని. క్యారియర్ పిల్లల తల్లిదండ్రులతో మాట్లాడితే, కొందరు తమ బిడ్డ రోగి అనుకుంటున్నారు. పరుగెత్తొద్దు, ఆడొద్దు అని కట్టడి చేస్తున్నారు. ఆలోచించండి, ఆ పిల్లాడికి ఏ జబ్బూ లేదు. కానీ ఇంట్లో అందరూ రోగిలా చూస్తుంటే, వాడు తన గురించి తాను ఏమనుకుంటాడు? ఫలితం సరిగ్గా చెప్పకపోతే కాగితం మీద మాటే జబ్బు అవుతుంది.

ఇందులో ఇంకో విషయం ఉంది. 1972 నాటికి కడుపులో బిడ్డకి సికిల్ సెల్ ఉందో లేదో చూసే మార్గం లేదు. డిఎన్ఏ ద్వారా చూసే దారి 1978లో యుయెట్ వై కాన్ బృందం చూపించింది. అంటే అప్పట్లో క్యారియర్ దంపతులకి దొరికేది చెడ్డ వార్త ఒక్కటే. దానితో ఏం చేయాలో చెప్పే దారి లేదు. మనసుని బాగా నలిపేది ఇదే: తెలిసింది, కానీ చేతిలో ఏమీ లేదు.

పద్నాలుగు నెలలు మాట్లాడారు, తర్వాతే సూది పట్టారు

ఇప్పుడు అదే దేశం, అదే కాలం, కానీ పూర్తిగా వేరే అనుభవం.

టే-శాక్స్ అని ఒక జబ్బు ఉంది. బిడ్డ పుట్టినప్పుడు బాగానే ఉంటుంది. కొన్ని నెలలకి నేర్చుకున్నవన్నీ ఒక్కొక్కటే మరిచిపోతుంది, చూపు పోతుంది, చాలామంది ఐదేళ్లు దాటరు. తూర్పు యూరప్ నుంచి వచ్చిన యూదుల్లో సుమారు ముప్పై మందిలో ఒకరు దీనికి క్యారియర్. 1969లో దీని వెనకున్న ఎంజైమ్ లోపం తెలిసింది. దాంతో రక్త పరీక్షతో క్యారియర్లని గుర్తించడం, కడుపులో బిడ్డని పరీక్షించడం రెండూ సాధ్యమయ్యాయి.

బాల్టిమోర్‌లో మైకేల్ కాబాక్ అనే యువ డాక్టర్ దీన్ని సమాజంలోకి తీసుకెళ్లాలనుకున్నాడు. కానీ వెంటనే సూది పట్టుకోలేదు. ఏడాదికి పైగా, సుమారు పద్నాలుగు నెలలు, కేవలం మాట్లాడటానికే పెట్టాడు. రబ్బీలతో, డాక్టర్లతో, స్థానిక సంఘాలతో, మహిళా బృందాలతో. క్యారియర్ అంటే ఏంటి, కానిదేంటి అని. ఆ తర్వాత 1971 మే నెలలో ఒక ఆదివారం మొదటి శిబిరం పెడితే, ఒక్క రోజులో 1,800 మందికి పైగా వచ్చారు. బలవంతం లేదు. ఎవరి ఇష్టం వాళ్లది. ఎక్కువమంది పెళ్లయినవాళ్లు, పిల్లల్ని కనే వయసువాళ్లు. అంటే సంబంధం తప్పిపోతుందన్న భయం లేనివాళ్లు.

వాళ్లకి భయం వేయలేదా? వేసింది. క్యారియర్ అని తెలిసిన చాలామంది మొదట్లో కలవరపడ్డారని అప్పటి అధ్యయనాలే చెబుతున్నాయి. కానీ ఆ కలవరం తర్వాత ఏమవుతుంది? దీనికి మంచి జవాబు కెనడాలోని మాంట్రియల్ నుంచి వచ్చింది. 1970లలో అక్కడ హైస్కూల్ పిల్లలకి, ముందు పాఠం చెప్పి, ఇష్టపడినవాళ్లకి టే-శాక్స్ పరీక్ష చేశారు. క్యారియర్లుగా తేలిన పిల్లలు మొదట్లో ఆందోళన పడ్డారు. ఎనిమిదేళ్ల తర్వాత, వాళ్లు పెద్దవాళ్లయ్యాక, మళ్లీ కలిసి అడిగారు. 1984లో వచ్చిన ఆ ఫలితం చూస్తే మనసు తేలికపడుతుంది. ఆందోళన చాలావరకు కరిగిపోయింది. విషయం మాత్రం గుర్తుంది. పెళ్లి చేసుకోబోయే మనిషి కూడా పరీక్ష చేయించుకోవాలని వాళ్లకి తెలుసు. అంటే గాయం మానింది, జ్ఞానం మిగిలింది.

ఓర్కోమెనోస్‌లో ముద్ర మిగిలింది, మాంట్రియల్‌లో సమాచారం మిగిలింది.

అసలు చెప్పకపోతే?

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. తెలియడమే బాధ అయితే, తెలియకుండానే జాగ్రత్త పడొచ్చు కదా? నమ్మండి, సరిగ్గా అదే చేసి చూపించాడు ఒకాయన.

న్యూయార్క్ బ్రూక్లిన్‌లో రబ్బీ జోసెఫ్ ఎక్‌స్టీన్. టే-శాక్స్‌తో నలుగురు బిడ్డల్ని పోగొట్టుకున్నాడు. ఆయన సమాజంలో పెళ్లిళ్లన్నీ పెద్దలు కుదిర్చేవే. అక్కడ గర్భం తీయించుకోవడాన్ని ఒప్పుకోరు. క్యారియర్ అని తెలిస్తే ఆ ఒక్కరికే కాదు, అక్కచెల్లెళ్లకీ సంబంధాలు రావు. అందుకని 1983లో దోర్ యెషోరిమ్ అనే పద్ధతి మొదలుపెట్టాడు. యువతీయువకుల రక్తం తీసుకుంటారు. వాళ్లకి ఒక నంబర్ ఇస్తారు. ఫలితం చెప్పరు. సంబంధం చూసుకునేటప్పుడు రెండు వైపుల నంబర్లూ ఫోన్‌లో చెబితే, ఈ జోడీ కుదురుతుందో లేదో అంతే చెబుతారు. ఒక్కరే క్యారియర్ అయితే ఆ విషయం వాళ్లకి జీవితాంతం తెలియకపోవచ్చు.

మన జాతకాల పొంతన లాగా అనిపిస్తోంది కదా? ఇక్కడ గ్రహాల బదులు జన్యువులు, అంతే తేడా. ఆ సమాజంలో టే-శాక్స్ పిల్లలు పుట్టడం దాదాపు ఆగిపోయింది. పద్ధతి పనిచేసింది, అందులో సందేహం లేదు. కానీ విమర్శ కూడా ఉంది. విషయాన్ని దాచడం అంటే, అది దాచాల్సిన విషయమే అని ఒప్పుకున్నట్టు కదా? సిగ్గు నుంచి మనిషిని కాపాడారు, సిగ్గుని మాత్రం అలాగే ఉంచేశారు. ఎవరిది రైటు అని నేను తేల్చను. నలుగురు బిడ్డల్ని పూడ్చిపెట్టిన తండ్రి ముందు నిలబడి అది తేల్చడం తేలిక కాదు.

సైప్రస్ ఇంకో దారి పట్టింది. ఆ చిన్న ద్వీపంలో ఏడుగురిలో ఒకరు తలసీమియా క్యారియర్. తలసీమియా పిల్లలకి బతికినన్నాళ్లూ రక్తం ఎక్కించాలి. 1983 నుంచి అక్కడి చర్చి, పెళ్లికి ముందు ఒక సర్టిఫికెట్ అడగడం మొదలుపెట్టింది. అందులో ఫలితం ఉండదు. పరీక్ష చేయించుకున్నారు, సలహా తీసుకున్నారు అని మాత్రమే ఉంటుంది. తర్వాత పెళ్లి చేసుకోవాలా వద్దా అన్నది ఆ ఇద్దరి ఇష్టం. నిశ్చితార్థాలు విరిగిపోతాయని భయపడ్డారు, కానీ విడిపోయినవాళ్లు చాలా కొద్దిమందే. ఎక్కువమంది పెళ్లి చేసుకుని, గర్భంలో పరీక్ష చేయించుకునే దారి ఎంచుకున్నారు. జబ్బుతో పుట్టే పిల్లల సంఖ్య కొన్నేళ్లలోనే బాగా పడిపోయింది. కుర్రాళ్లు పెళ్లి వదులుకోలేదు, ఎందుకంటే వాళ్లకి ముందు ఇంకో దారి కనిపించింది.

మరి తేడా ఎక్కడుంది?

నాలుగు చోట్లా మనుషులు మనుషులే, జన్యువు తీరూ అదే. చరిత్ర చెప్పేది ఏమిటంటే, మనసు మీద దెబ్బ జన్యువు వల్ల పడలేదు. ఆ వార్త వచ్చిన తీరు వల్ల పడింది.

మొదటిది, సూది కంటే ముందు మాట వచ్చిందా? రెండోది, ఎవరి ఇష్టంతో జరిగింది, ఫలితం ఎవరి చేతిలో ఉంది? మూడోది, తెలిసాక చేయడానికి ఏదైనా ఉందా? నాలుగోది, చుట్టూ ఉన్న క్యారియర్ కాని జనానికి కూడా ఈ విషయం అర్థమైందా? ఈ చివరిది చాలామంది మరిచిపోతారు. ఓర్కోమెనోస్‌లో క్యారియర్లకి చెప్పారు. కానీ వాళ్లని దూరం పెట్టింది క్యారియర్ కానివాళ్లు. అసలు పాఠం అవసరమైంది వాళ్లకే.

ఇప్పుడు మన దగ్గరికి

మన దేశంలో సికిల్ సెల్‌ని మొదట గుర్తించింది 1952లో, నీలగిరి కొండల్లో. ఆ తర్వాత మధ్య భారతం అంతటా, మన ఏజెన్సీ ప్రాంతాల్లో కూడా ఉందని తెలిసింది. అరకు, పాడేరు వైపు, భద్రాచలం, ఉట్నూరు వైపు ఆదివాసీ కుటుంబాలకి ఈ జబ్బు కొత్త కాదు, పేరే కొత్త. ఒళ్లు నొప్పులతో మెలికలు తిరిగే పిల్లల్ని ఎత్తుకుని కొండ దిగిన తల్లులకి అది బాగా తెలుసు.

2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. 17 రాష్ట్రాలు, అందులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా ఉన్నాయి. నలభై ఏళ్ల లోపు ఏడు కోట్ల మందికి పరీక్ష చేయాలని, 2047 నాటికి ఈ జబ్బుని ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేయాలని లక్ష్యం. పరీక్ష తర్వాత చేతికి ఒక కార్డు ఇస్తారు. మంచి పని, కావాల్సిన పని. పసితనంలోనే తెలిస్తే మందులు, టీకాలతో ప్రాణాలు నిలుస్తాయి.

కానీ మన చరిత్ర పాఠం గుర్తుంది కదా. ఆ కార్డు ఓర్కోమెనోస్ కార్డు అవుతుందా, మాంట్రియల్ కార్డు అవుతుందా? అది ఇప్పుడు, మన కళ్ల ముందు తేలబోతోంది.

మన దగ్గర అదనంగా రెండు చిక్కులున్నాయి. ఒకటి మేనరికం. మేనమామ కొడుకుని, మేనత్త కూతుర్ని చేసుకోవడం మనకి అలవాటు. ఒకే తాత నుంచి ఒకే జన్యువు ఇద్దరికీ వచ్చి ఉండే అవకాశం అక్కడ ఎక్కువ. కాబట్టి మేనరికం అనుకుంటున్న ఇంట్లో పరీక్ష ఇంకా ముఖ్యం. రెండోది, బిడ్డకి జబ్బు వస్తే మన ఇళ్లల్లో వేలు ముందు కోడలి వైపే లేస్తుంది. లెక్క మళ్లీ గుర్తుచేస్తాను: బిడ్డకి సికిల్ సెల్ జబ్బు రావాలంటే రెండు ప్రతులు కావాలి. ఒకటి తల్లి ఇస్తే, ఇంకోటి తండ్రి ఇవ్వాల్సిందే. ఆ అమ్మాయి ఒక్కదాన్నే తప్పు పట్టడానికి బయాలజీలో చోటు లేదు.

అందుకే ఈ ఎపిసోడ్ చూస్తున్న మీకు కొన్ని మాటలు. మీ ఊళ్లోనో, హాస్టల్లోనో పరీక్ష చేస్తే చేయించుకోండి, భయపడొద్దు. మొదటి చిన్న పరీక్షలో ఏదో తేడా వచ్చిందంటే అదే చివరి మాట కాదు, క్యారియరా, జబ్బా అని తేల్చడానికి నిర్ధారణ పరీక్ష ఉంటుంది. అది వచ్చేదాకా ఏ నిర్ణయానికీ రావద్దు. ఫలితం ఇచ్చేటప్పుడు "దీని అర్థం ఏంటి, నేనేం చేయాలి" అని అడగండి. అది మీ హక్కు. కార్డు ఫోటో తీసి గ్రూపుల్లో పెట్టొద్దు, ఇంకొకరిది అసలే పెట్టొద్దు. సంబంధం మాట్లాడుకునే రోజు వస్తే, ఇద్దరూ ముందే ఒకరికొకరు చెప్పుకోండి. ఇద్దరిలో ఒక్కరే క్యారియర్ అయితే ఆ పెళ్లికి అది అడ్డు కాదు. ఇద్దరూ అయితే కూడా అది ముగింపు కాదు, డాక్టర్‌తో, కౌన్సెలర్‌తో కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం.

మొదటి కొన్ని రోజులు మనసు బరువుగా ఉంటే, అది బలహీనత అనుకోకండి. మాంట్రియల్ పిల్లలకీ అలాగే అనిపించింది, తర్వాత తగ్గింది. నమ్మకమైన ఒక్క మనిషితోనైనా మాట్లాడండి.

ఇంకో మాట, ఇది క్యారియర్ కానివాళ్లకి. మీ ఫ్రెండ్ వచ్చి "నేను క్యారియర్ అంట్రా" అని చెప్పినప్పుడు, మీ మొహంలో మొదట కనిపించే భావమే వాడికి అసలు రిపోర్ట్. ల్యాబ్ ఇచ్చింది కాగితం మాత్రమే. "అయితే ఏంటి, నీకు జబ్బు లేదుగా. రా, టీ తాగుదాం" అనగలిగితే చాలు. ఆ గ్రీకు ఊరికి కావాల్సింది ఆ ఒక్క మాటే. ఎవరూ అనలేదు.

మీరు అనండి.